మహిళా సంఘం వారి చంటిపిల్లల పిండి: నాలుగు నెలలు వాడిన తరువాత

హిందూపురం దగ్గర మా మండల కేంద్రంలో బుధవారం సంత జరిగేచోట, చింతచెట్టు నీడన, పొదుపు సంఘం ఆడవాళ్ళు ఒక బల్ల వేసుకుని కారప్పొళ్ళు, కొర్రబియ్యం, సజ్జ మురుకులు అమ్ముతుంటారు. ఏడాది కాలంగా వాటి పక్కనే ‘చంటిపిల్లల పిండి’ అని అచ్చువేసిన పొట్లాలు కూడా పెడుతున్నారు. అర కిలో పొట్లం 90 రూపాయలు. దీనిని నా మనుమరాలికి ఎనిమిదో నెలలో మొదలుపెట్టి పన్నెండో నెల నిండేదాకా వాడాను. సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలను ముందుగా వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుని వాళ్ళకే చెప్పాను, వాళ్ళు దిద్దుకునే ప్రయత్నంలో ఉన్నారు. పైగా ఇలాంటి పిండిని ఇప్పుడు చాలా మండలాల్లో సంఘాలవాళ్ళు చేస్తున్నారు కాబట్టి, పేరు కన్నా ఆ పొట్లంలో ఏమి చూసుకోవాలి, దాన్ని ఎలా వండాలి అన్నదే చదివేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మా ఇంటి పరిస్థితి ముందు చెప్పాలి. నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన దానిని. కోడలు హిందూపురం వైపు ఒక బట్టల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోగానే ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళక తప్పలేదు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, రాత్రి పిల్ల అడిగినప్పుడల్లా పాలిస్తుంది. పగలంతా పాప నా చేతిలోనే ఉంటుంది. ఎనిమిదో నెలలో అంగన్‌వాడీలో తూకం వేస్తే 6.2 కిలోలు వచ్చింది. టీచరమ్మ తల్లీబిడ్డల కార్డులో చుక్క పెట్టి, ఆ చుక్క ఆకుపచ్చ పట్టీ దాటి పసుపు పట్టీలోకి వెళ్ళిందని, అంటే వయసుకు తగ్గ బరువు లేదని వేలు పెట్టి చూపించింది. నాకు తల తిరిగినట్టయింది. పిల్లకు మేము పెట్టకపోవడమంటూ లేదు. ఉదయం రాగి జావ, మధ్యాహ్నం పప్పు మీది తేట, మళ్ళీ సాయంత్రం జావ, ఇలా పూటపూటకీ గిన్నె ఖాళీ అయ్యేది. పాప తాగుతోంది కదా, కడుపు నిండుతోంది కదా అనుకున్నాం.

కడుపు నిండిన మాట నిజమే, కాని నిండింది నీళ్ళతో. ఈ సంగతిని నాకు మొదట అర్థమయ్యేలా చెప్పింది సంతలో ఆ పిండి అమ్మే ఆమె. తరువాత నేనే కాగితం మీద లెక్క వేసుకున్నాను. పసిబిడ్డ పొట్ట బిడ్డ బరువులో కిలోకు సుమారు 30 గ్రాముల చొప్పున మాత్రమే పడుతుందని పోషకాహార నిపుణులు అంచనా వేశారు. అంటే 6.2 కిలోల పాప ఒక పూటకు 180 మిల్లీలీటర్లకు అటూ ఇటూ మాత్రమే తినగలదు. నేను చేసే జావలో 100 మిల్లీలీటర్ల నీళ్ళకు రెండు చెంచాల పిండి, అంటే దాదాపు 10 గ్రాములు పడేది. దాంట్లో ఉండే శక్తి 35, 40 కేలరీలకు మించదు. పాప గిన్నెడు తాగినా ఒక పూటకు 70 కేలరీలు కూడా అందవు. అదే పిండిని 20 గ్రాములు వేసి ముద్దగా వండితే అదే గిన్నెలో దానికి రెట్టింపు అందుతుంది. తల్లిపాలు కాక ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు సుమారు 200 కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల బిడ్డకు 300, ఏడాది దాటిన బిడ్డకు 550 పైఆహారం నుంచి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతుంది. మేము పెట్టినట్టు రోజుకు రెండు పూటల పలుచని జావతో ఆ లెక్క పూర్తికాదు. పైగా జావ తాగి నిండిన పొట్టతో ఉన్న బిడ్డ తల్లి వచ్చాక పాలు కూడా తక్కువగానే తాగుతుంది.

అందువల్ల ఈ పొట్లాన్ని నేను ముఖ్యంగా ఒక్క ప్రశ్నతో పరీక్షించాను: దీంతో వండిన ముద్ద చిక్కగా ఉన్నప్పుడే పాప దాన్ని తినగలుగుతుందా? నా దృష్టిలో చంటిపిల్లల పిండికి ఉండవలసిన మొదటి గుణం అదే. రుచి, రంగు, ధర ఆ తరువాతి మాటలు.

పొట్లం మీద రాసిన ప్రకారం 100 గ్రాముల పిండిలో మొలకకట్టి వేయించిన రాగులు 50, వేయించిన పెసరపప్పు 25, వేయించి పొట్టు తీసిన వేరుశనగ 15, బియ్యం 10 గ్రాములు. చక్కెర గానీ, బెల్లం గానీ, ఉప్పు గానీ లేవు. ఈ పాళ్ళ ప్రకారం నేను వేసుకున్న లెక్కలో 100 గ్రాములకు సుమారు 370 కేలరీలు, 14 గ్రాముల మాంసకృత్తులు వచ్చాయి. మాంసకృత్తులు కొన్ని చిన్న భాగాలతో తయారవుతాయి. వాటిలో ధాన్యంలో తక్కువపడే లైసిన్ అనేది పప్పులో పుష్కలంగా ఉంటుంది, పప్పులో తక్కువపడే మిథియోనిన్ అనేది ధాన్యంలో ఉంటుంది కనుక రెండింటినీ కలిపి పెట్టినప్పుడు బిడ్డ ఒంటికి పట్టే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. వేరుశనగ నూనె వల్ల కొద్ది పిండిలోనే ఎక్కువ శక్తి ఇమిడిపోతుంది. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉంటుంది, ఏ ఇతర ధాన్యమూ ఈ విషయంలో దీని దగ్గరకు రాదు. రాగులూ, శనక్కాయలూ (వేరుశనగను మేము అలాగే అంటాం) మా నేలలో పండేవే, మా నోటికి అలవాటైనవే. సంగటీ శనక్కాయల ఊరుబిండీ తిని పెరిగిన ఇళ్ళవాళ్ళం మేము. పెద్దవాళ్ళం తినే ఆ జతనే పాప గిన్నెలోకి మెత్తగా దించడం ఈ పిండిలో నాకు బాగా నచ్చిన ఆలోచన.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్ళ కిందటే ‘హైదరాబాద్ మిశ్రమం’ అని ఒకటి రూపొందించింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 గ్రాములు కలిపిన ఆ 86 గ్రాములలో 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకు ఖరీదైన పాలపొడుల అవసరం లేకుండా ఇంట్లో దొరికే గింజలతోనే బలం చేకూర్చవచ్చని చూపించిన మిశ్రమం అది. మా సంఘం వాళ్ళ పిండి దానికి దగ్గరి చుట్టమే. గోధుమల చోట రాగులూ కాస్త బియ్యమూ, శనగపప్పు చోట పెసరపప్పూ వచ్చాయి, బెల్లం తీసేశారు. బెల్లం తీసెయ్యడాన్ని నేను సమర్థిస్తాను. చిక్కిపోయిన బిడ్డ కోలుకోవడానికి అవసరమైన కిటుకు వేరు, మామూలు బిడ్డకు రోజూ పెట్టే తిండి వేరు. రెండేళ్ళ లోపు పిల్లలకు తీపి కలిపిన ఆహారం అలవాటు చేయవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మొదటి రెండు రోజులు పాప ముఖం చిట్లించింది. మూడో రోజు బాగా పండిన అరటిపండు సగం మెదిపి కలిపితే మారు మాట్లాడకుండా తినేసింది.

ఇప్పుడు పొట్లంలోని అసలు విశేషం దగ్గరికి వస్తాను. పెద్ద పొట్లానికి ఒక చిన్న కాగితం పొట్లం పిన్నుతో కుట్టి ఉంటుంది. దానిమీద ‘మొలక పిండి’ అని చేత్తో రాసి ఉంటుంది. అది మొలకెత్తిన రాగులను ఎక్కువ వేయించకుండా, ఎండలో మాత్రమే ఆరబెట్టి విసిరిన పిండి. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. గంజిలో ఉడికి ఉబ్బిన పిండిపదార్థాన్ని అది ముక్కలు చేసి, నీళ్ళు చేర్చకుండానే జారుగా మార్చేస్తుంది. పెద్ద పొట్లంలోని రాగులు కూడా మొలకకట్టినవే అయినా వాటిని బాగా వేయించడంతో ఆ ఎంజైము చాలావరకు నశిస్తుంది. అందుకే ఈ చిన్న పొట్లం విడిగా ఇస్తారు.

మొదటిసారి వండిన రోజు ఆదివారం. కోడలు ఇంట్లోనే ఉంది. నాలుగు చెంచాల పిండిని చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఒక టీ గ్లాసు నీళ్ళు అయ్యేలా చూసి, సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించాను. ముద్ద బాగా బిగిసింది. గరిటె అందులో నిలబెడితే పడిపోకుండా నిలబడింది. కోడలు చూసి, “అత్తా, ఇది గరిటె నుంచి జారడమే లేదు, పాప ఎట్ల మింగుతుంది? ఇంకో గ్లాసు నీళ్ళు పోద్దాం” అంది. అదే గదా ఇన్నాళ్ళూ మేం చేసిన పని. నీళ్ళు పోయకుండా గిన్నె దించి, పొగ తగ్గి వేలు ముంచగలిగినంత వేడిలోకి వచ్చేదాకా ఆగి, చిన్న పొట్లంలోంచి అర టీ చెంచా మొలక పిండి వేసి తిప్పాను. రెండు నిమిషాల్లో ఏమీ కాలేదు. నాలుగో నిమిషంలో గరిటెకు పట్టిన ముద్ద మెల్లగా సాగడం మొదలైంది. ఎనిమిదో నిమిషానికి గరిటె ఎత్తితే పెరుగులాగా జారి గిన్నెలో పడింది. ఒక్క చుక్క నీరు కలపలేదు, ఒక్క చెంచా పిండి తగ్గించలేదు. మొలక పిండి వేయించనిది కాబట్టి మళ్ళీ ఒక పొంగు వచ్చేదాకా సెగ మీద పెట్టి, అర చెంచా నెయ్యి వేసి చల్లార్చి పెట్టాం. పాప గిన్నె మొత్తం తిన్నది. పాత జావ అదే గిన్నెడు తాగినప్పుడు గంటన్నరకే మళ్ళీ ఏడ్చేది, ఆ రోజు మూడు గంటలు కదలకుండా నిద్రపోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ముద్ద మరీ మరిగేటప్పుడు వేస్తే ఎంజైము చచ్చిపోయి ఏ మార్పూ రాదు, పూర్తిగా చల్లారాక వేస్తే చాలా ఆలస్యంగా పనిచేస్తుంది. ఒకసారి తొందరపడి పొంగుతున్న గిన్నెలోనే వేసి, పిండి పాడయిందని పొరబడ్డాను. ఈ సూచన పొట్లం మీద ఎక్కడా లేదు. సంతలో ఆమె నోటిమాటగా చెప్పింది కనుక సరిపోయింది, పొరుగూరి వాళ్ళెవరైనా మనిషిని పంపి తెప్పించుకుంటే వాళ్ళకు ఎవరు చెబుతారు?

పొట్లం మీది సూచనలే ఈ పిండిలో మొదటి లోపం. ‘ఒక గ్లాసు నీటికి రెండు చెంచాలు’ అని అచ్చువేశారు. మొలక పిండి ఇవ్వడంలో ఉన్న ప్రయోజనమంతా ఆ ఒక్క వాక్యం వల్ల నీటిపాలవుతోంది. చదివిన తల్లి చదివినట్టే చేస్తుంది, పలుచని జావ చేసి, అది పాలసీసాలో పట్టేటంత పలుచగా ఉంది కనుక సీసాలోనే పోసి పట్టిస్తుంది. మా వీధిలోనే ఒక ఇంట్లో ఇలా జరగడం చూశాను. సీసా వద్దు, ఉగ్గుగిన్నె, చెంచా మాత్రమే వాడాలని చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆ సీసా మెడలో, రబ్బరు పాలపీకలో అంటుకున్న పిండి ఎంత కడిగినా పోదు. ఎండాకాలంలో అది రెండు గంటల్లో పులిసిపోయి బిడ్డకు విరేచనాలు తెస్తుంది. విరేచనాలు పట్టిన బిడ్డ నెల రోజులు పెరిగిన బరువు వారంలో పోగొట్టుకుంటుంది.

రెండో లోపం అంతకన్నా గంభీరమైనది. నేను కొన్న మూడో పొట్లం విప్పగానే ముక్కిన వాసన వచ్చింది. నాలుక మీద వేసుకుంటే చివరలో చేదు తగిలింది. పొట్లం మీద తయారీ తేదీ లేదు, ఎన్నాళ్ళలోపు వాడాలో లేదు. వేరుశనగ కలిపిన పిండి నూనె వల్ల తొందరగా పాడవుతుంది, ఎండాకాలంలో మూడు వారాలు దాటితే నేను నమ్మను. వాసన ఒక్కటే అయితే పారేసి ఊరుకోవచ్చు. కాని వేరుశనగలో ఇంకొక ప్రమాదం ఉంది. కాయ పక్వానికి వచ్చే వేళ వాన లేక చేను ఎండిపోయినా, పీకిన కాయ సరిగా ఆరకముందే బస్తాల్లో కట్టినా, గింజలకు ఒక రకం బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఆ విషం వేయించినా పూర్తిగా పోదు. కాలేయానికి హాని చేస్తుంది. మా జిల్లాల్లో చివరి తడి అందని పంట మామూలే కనుక ఈ జాగ్రత్త మాకు మరీ ముఖ్యం. ముడుచుకున్న గింజలు, రంగు మారినవి, నల్లమచ్చ ఉన్నవి, పురుగు తొలిచినవి చాటలో పోసుకుని ఒక్కొక్కటే ఏరి పారెయ్యాలి. పెద్దవాళ్ళ పచ్చడిలోకైనా అవి పనికిరావు, ఇక పాప తిండిలోకి ఎలా పనికొస్తాయి? నేను ఆ పొట్లాన్ని వెనక్కి తీసుకెళ్తే సంఘం పెద్ద వాసన చూసి, ఒక్క మాట అనకుండా డబ్బు తిరిగి ఇచ్చి, ఆ విడతలో మిగిలినవన్నీ బల్ల మీద నుంచి తీసేసింది. శనక్కాయలు ఎవరు ఏరుతున్నారని అడిగితే, పని ఎక్కువై మిషన్ దగ్గర పొట్టు తీయించిన గింజలే నేరుగా కొన్నామని ఒప్పుకుంది. అంటే ఆ గింజలను ఎవరూ ఏరలేదన్నమాట.

మూడో లోపం బొమ్మ గురించి. పొట్లం మీద బూరెబుగ్గల పాప ఫోటో ఉంది, దాని కింద ‘సంపూర్ణ ఆహారం’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు బిడ్డలకు తల్లిపాలకు తోడుగా అమ్మే ఆహారం డబ్బా మీద, పొట్లం మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వెయ్యకూడదని, అలాంటి ఆహారానికి ప్రచారమే చెయ్యకూడదని 1992 నాటి చట్టం చెబుతోంది. 2003లో దానిని ఇంకా గట్టిపరిచారు. పెద్ద కంపెనీలను కట్టడి చెయ్యడానికి వచ్చిన ఆ చట్టం మా సంతలోని బల్లకూ వర్తిస్తుంది. ఆడవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ప్రింటింగ్ ప్రెస్సు అతను అందంగా ఉంటుందని వేసిచ్చాడట. చట్టం మాట పక్కన పెట్టినా, ‘సంపూర్ణ ఆహారం’ అన్న మాట నిజం కాదు.

ఎందుకు కాదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొట్లం కొన్న తల్లి ఇక వేరే ఏమీ అక్కర్లేదని నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఇనుము ఆరు నెలల తరువాత తరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉంటుంది. రాగుల్లో, పప్పులో ఉన్న ఇనుమును వాటిలోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు పట్టి ఉంచడంతో ఒంటికి పట్టేది కొంచెమే. మొలకకట్టడం వల్ల ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది కాని పూర్తిగా పోదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలలో 63.2 శాతం మందికి, తెలంగాణలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఆంధ్రలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. దేశం మొత్తం మీద ఆరు నెలలు దాటి రెండేళ్ళు నిండని పిల్లలలో చాలినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమేనని అదే సర్వే చెప్పింది. చాలినంత అంటే పూటల లెక్క ఒక్కటే కాదు, రకాల లెక్క కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం తల్లిపాలు, ధాన్యాలు-దుంపలు, పప్పులు-గింజలు, పాల పదార్థాలు, మాంసం-చేపలు, గుడ్లు, విటమిన్ ఏ ఎక్కువగా ఉన్న కూరగాయలు-పండ్లు, ఇతర కూరగాయలు-పండ్లు అనే ఎనిమిది వర్గాలలో రోజుకు కనీసం ఐదు బిడ్డ నోటికి అందాలి. ఈ పిండిలో ఉన్నవి రెండే వర్గాలు. తల్లిపాలతో మూడు. మిగిలిన రెండూ గిన్నెలో మనం చేర్చాలి.

మేము చేర్చినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఉడికించిన గుడ్డులో మొదట పచ్చసొన చిటికెడు, పదిరోజుల్లో సగం గుడ్డు, తొమ్మిదో నెల దాటాక రోజూ పూర్తి గుడ్డు మెదిపి ముద్దలో కలిపాను. గుడ్డు అరగదని, వేడి చేస్తుందని మా ఆడపడుచు వారించింది, పాపకు ఏమీ కాలేదు. దొడ్లోని మునగచెట్టు లేత ఆకు దూసి, నీడన ఆరబెట్టి, గుడ్డతో జల్లెడ పట్టిన పొడిని రోజుకు పావు చెంచా ఉడికేటప్పుడు వేశాను. ఎక్కువ వేస్తే చేదు వచ్చి పాప ఉమ్మేసింది. మధ్యాహ్నం పూట పిండి బదులు అన్నం, కందిపప్పు, తోటకూర కలిపి మెత్తగా ఉడికించి మెదిపి పెట్టాను. పప్పు మీది తేట మానేసి అడుగు పప్పే పెట్టాను. సాయంత్రం బొప్పాయి ముక్క గానీ ఉడికించిన చిలగడదుంప గానీ మెదిపి తినిపించాను. భోజనం చివర జామపండు గుజ్జో, నాలుగు చుక్కల నిమ్మరసమో ఉంటే పప్పులోని, ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున మరచిపోకుండా వేశాం. దాని వల్ల మలం నల్లగా వస్తుంది, భయపడి మానేసే వాళ్ళున్నారు, మానకూడదు.

అంగన్‌వాడీ నుంచి వచ్చే బాలామృతం సంగతి చాలామంది అడుగుతారు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో చేసిన ఆ పిండిని నెలకు రెండున్నర కిలోల పొట్లంగా మూడేళ్ళలోపు పిల్లలకు ఉచితంగా ఇస్తారు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు ప్రతి బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందించాలని 2013 నాటి ఆహార భద్రతా చట్టం నిర్దేశించింది కనుక అది బిడ్డకు హక్కుగా రావలసినది. దానిలో పాలపొడి ఉంది, అది ఈ పిండిలో లేదు. ఈ పిండిలో తీపి లేదు, అది దానిలో ఉంది. మేము రెండూ వాడాం. ఉదయం బాలామృతం, సాయంత్రం ఈ పిండి. ఉచితంగా వచ్చేదాన్ని పెద్దపిల్లలకు ఉండలు చేసి పెట్టేసి, చంటిబిడ్డ కోసం 90 రూపాయలు పెట్టి ఇది కొనడం మాత్రం తెలివైన పని కాదు. చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే ఆ 90 రూపాయలు గుడ్లకు పెట్టమనే నేను చెబుతాను.

ధర విషయానికి వస్తే, రోజుకు 60 గ్రాములు వాడితే నెలకు 1.8 కిలోలు, అంటే 324 రూపాయలు. దుకాణాల్లో అట్టపెట్టెల్లో వచ్చే కంపెనీ పిండితో పోలిస్తే ఇది నాలుగో వంతు కూడా కాదు. కాని ఇంట్లో చేసుకుంటే సగంలో తేలుతుంది. నేను పదకొండో నెలలో ఇంట్లో చేసి చూశాను. మా సంతలో ఆ వారం ధరల ప్రకారం అర కిలో రాగులు 23 రూపాయలు, పావు కిలో పెసరపప్పు 30, నూట యాభై గ్రాముల వేరుశనగ విత్తనాలు 21, వంద గ్రాముల బియ్యం 5, మిషన్ కూలి 15, మొత్తం 94 రూపాయలకు కిలో పిండి అయింది. రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూటకట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే తెల్లని మొలకలు వచ్చాయి. వాటిని పల్చగా ఎండబోసి, అరచేతులతో నలిపి మొలక వేర్లు చెరిగి, మూడు గుప్పిళ్ళు మొలక పిండికని విడిగా తీసిపెట్టి, మిగిలినవి మంచి వాసన వచ్చేదాకా వేయించాను. పని రెండు రోజులు పట్టినా చేతిలో పని ఎక్కువసేపు ఉండదు, ఎండా గాలీ చేసే పనే ఎక్కువ. మిషన్ దగ్గర మాత్రం మనకు ముందు ఎవరో మిరపకాయలు పట్టించి ఉంటే ఆ పిండి మన దాంట్లో కలుస్తుంది. పొద్దున్నే మొదటి వంతు అడిగి పట్టించుకోవాలి.

అయినా మా కోడలిలాగా తెల్లారి ఆరు గంటలకు బస్సు ఎక్కే తల్లులకు, ఇంట్లో చేసిపెట్టే పెద్దదిక్కు లేనివాళ్ళకు ఈ పొట్లం మంచి ఆసరా. పిండి చాలా మెత్తగా, రాగిపొట్టు తగలకుండా ఉంది. నాలుగు నెలల్లో కొన్న పదిహేను పొట్లాలలో ఒక్కటే చెడ్డది తగిలింది. కొనేవాళ్ళు తయారైన తేదీ అడిగి తెలుసుకోవాలి, విప్పిన వెంటనే వాసన చూడాలి, మూత బిగువైన స్టీలు డబ్బాలో పోసుకోవాలి. మొదటిసారి పైఆహారం తినే బిడ్డకు నాలుగు రకాల గింజలున్న ఈ పిండి నేరుగా పెట్టకుండా, బియ్యం, రాగి, పెసర, చివరికి వేరుశనగ ఇలా ఒక్కొక్కటి మూడేసి రోజులు పెట్టి, దద్దుర్లు, వాంతులు లేవని చూసుకున్నాకే మొదలుపెట్టాలి. రుచికని ఎవరైనా తేనె కలపమంటే ఏడాది నిండేదాకా కలపకూడదు.

పాపకు ఏడాది నిండిన రోజు తూకం 7.4 కిలోలు. చుక్క ఆకుపచ్చ పట్టీలోకి వచ్చింది. ఇదంతా ఈ పిండి వల్లనే అని నేను చెప్పను. గుడ్డూ, ఆకుకూరా, రాత్రిపూట తల్లిపాలూ, నీళ్ళు తగ్గించిన గిన్నే అన్నీ కలిసి తెచ్చిన బరువు అది. పోయిన బుధవారం సంతకు వెళ్ళినప్పుడు బల్ల మీద కొత్త పొట్లాలు ఉన్నాయి. పాప బొమ్మ మీద తెల్లకాగితం అతికించి, దానిమీద నీలం పెన్నుతో తయారీ తేదీ, ‘20 రోజులలో వాడాలి’, ‘టీ గ్లాసు నీటికి నాలుగు చెంచాలు’, ‘గుడ్డు, ఆకుకూర కలిపి పెట్టాలి’ అని రాశారు. బల్ల వెనుక ఇద్దరు ఆడవాళ్ళు చాటల్లో వేరుశనగ విత్తనాలు పోసుకుని, ఎండ వైపు తిప్పి చూస్తూ, మచ్చలున్నవి ఏరి పక్కన పడేస్తున్నారు.